సరస్సునే అడగండి

ముందు తెడ్డు అందుకోండి. దోమలు కుట్టనివ్వండి. ఇప్పుడు వాటిని తోలడానికి చేతులు ఖాళీ లేవు.

1973 వేసవి. కెనడాలో ఒంటారియో రాష్ట్రం, వాయవ్య మూల. విన్నిపెగ్ నగరం నుంచి తూర్పుగా దాదాపు 250 కిలోమీటర్లు వచ్చారు మీరు. పెద్ద రోడ్డు దిగి, కంకర బాటలో ఒళ్ళు హూనమయ్యేలా ప్రయాణం చేసి, చివర్లో అడవి దారిన పడవను భుజాల మీద మోసుకొచ్చారు. ఇప్పుడా పడవలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒడ్డున స్ప్రూస్ చెట్లు, పైన్ చెట్లు. వాటి వేళ్ళ కింద గ్రానైట్ బండ. ఇల్లు లేదు, పొలం లేదు, పొగగొట్టం లేదు. ఎక్కడో లూన్ పక్షి కూస్తోంది.

ఈ సరస్సుకు పేరు పెట్టలేదు. నంబరే. 226.

నడుము దగ్గర సన్నగా, రెండు వైపులా వెడల్పుగా ఉంటుంది. విస్తీర్ణం సుమారు 40 ఎకరాలు. ఆ సన్నటి నడుముకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక తెర కట్టి ఉంది. నైలాన్ దారాలు నేసిన వినైల్ షీటు. పైఅంచు నీటి మీద తేలుతోంది. కింది అంచు అడుగున బురదలో దిగి ఉంది. రెండు చివరలూ బండకు బిగించి ఉన్నాయి. చెయ్యి చాచి తాకండి. అరచేతికి జారుడుగా, చల్లగా తగులుతుంది. ఇవతలి నీళ్ళు అవతలికి పోవు. ఉన్నది ఒకే సరస్సు, ఇప్పుడు రెండు గదులు.

మీ వెనక డ్రమ్ముల్లో మూడు సరుకులున్నాయి. ఒకటి పంచదార, అంటే కర్బనం. రెండోది సోడియం నైట్రేట్, అంటే నత్రజని. ఈ రెండూ తెరకు రెండు వైపులా వేస్తారు, సమానంగా. మూడోది ఫాస్ఫారిక్ ఆమ్లం, అంటే భాస్వరం. అది ఈశాన్యం వైపు గదిలోకి మాత్రమే.

నీళ్ళలోకి చూడండి. అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. దోసిలితో తాగొచ్చు అనిపించేంత తేట. ఆ తేటలోకి మీరు వారం వారం ఎరువు పొయ్యాలి. చేతులు ఆగుతాయి. ఆగడం సహజమే. చక్కగా ఉన్న సరస్సును ఎందుకు పాడుచేస్తున్నాం?

ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడ లేదు, దక్షిణాన ఉంది. ఈరీ సరస్సు మీకు తెలుసు. కెనడాకూ అమెరికాకూ మధ్య ఉన్న మహా సరస్సుల్లో ఒకటి. 1960లలో దాని ఒడ్డున నిలబడి ఉంటే ముక్కు మూసుకునేవారు. నీటి మీద ఆకుపచ్చ తెట్టు. ఒడ్డుకు కొట్టుకొచ్చి కుళ్ళుతున్న నాచు. ఆ నాచు కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. అడుగున చేపలకు ఊపిరి ఉండదు. ఈరీ చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. నాచుకు మేత వేస్తున్నది ఎవరు? ఊళ్ళ మురుగు. ఆ మురుగులో బట్టలుతికే పౌడర్ల నుంచి వచ్చే ఫాస్ఫేటు. శాస్త్రవేత్తల్లో చాలామంది వేలు భాస్వరం వైపే చూపించారు.

సబ్బుల పరిశ్రమ కాదంది. అసలు దోషి కర్బనం అంది. సీసాల్లో చేసిన పరీక్షలు చూపించింది. సరస్సు నీరు సీసాలో పట్టి కర్బనం వేస్తే నాచు పెరిగింది మరి. కర్బనమే కారణమైతే పౌడర్లో ఫాస్ఫేటు తీసేసి లాభం లేదు. కోట్ల డాలర్ల వ్యాపారం ఆ వాదన మీద నిలబడి ఉంది.

సీసాకు మూత ఉంటుంది. సరస్సుకు మూత లేదు, పైన ఆకాశం ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే 227వ సరస్సు ఉంది. 1969 నుంచి అందులో భాస్వరం, నత్రజని వేస్తున్నారు. కర్బనం ఒక్క చెంచా కూడా వెయ్యలేదు. పైగా ఆ నీటిలో సహజంగా ఉన్న కర్బనం చాలా తక్కువ. అయినా పచ్చబడిపోయింది. నాచుకు కావలసిన కర్బనం గాలిలోంచి దిగింది. సీసాకు తెలియని సంగతి సరస్సుకు తెలుసు.

అందుకే ఈ కేంద్రం. 1968లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఈ అడవిలో చిన్న సరస్సుల్ని పదుల సంఖ్యలో ఎంచి ప్రయోగాలకు కేటాయించారు. దాన్ని నడపడానికి వచ్చినాయన పేరు డేవిడ్ షిండ్లర్. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. అమెరికాలో నార్త్ డకోటాలో పుట్టారు, మిన్నెసోటా సరస్సుల మధ్య పెరిగారు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. సరస్సుకు ఏమవుతుందో తెలియాలంటే సరస్సునే అడగాలి, మొత్తం సరస్సును. ఆయన పట్టు అది.

227 జవాబు చెప్పింది. కానీ కాగితం మీద అంకెల్లో చెప్పింది. అంకెలతో వాదించేవాళ్ళకు అంకెలు కొదవా? ఎవరూ కాదనలేని జవాబు కావాలి. తెర కట్టింది అందుకే.

ఇక డ్రమ్ము తిప్పండి. కొంచెంగా వదలండి. పడవ కదులుతూనే ఉండాలి, మందు ఒకచోట నిలవకూడదు. ఈశాన్యం గదిలోకి భాస్వరం పోతోంది. రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు నిన్నటిలాగే ఉన్నాయి.

మీకు మాత్రం తెలుసు, నిన్నటిలా ఉండవని.

*

జూలై. గాలి ఆగిపోయింది.

పొద్దున్నుంచీ ఉక్కగా ఉంది. ఈగలు కళ్ళ చుట్టూ ముసురుతున్నాయి. మీరు నైరుతి గదిలో నీటి నమూనాలు పడుతున్నారు. ఒక సీసా నింపి, మూత బిగించి, తారీఖు రాసి, పెట్టెలో పెట్టాలి. ఆ తర్వాత ఇంకొకటి.

పడమట ఆకాశం నల్లబడుతోంది. ఆ నలుపులో అదో రకం పచ్చదనం ఉంది. లూన్ పక్షి కూయడం మానేసింది.

పడవ ముందు భాగంలో కూర్చున్న మీ తోటివాడు తల తిప్పాడు. "వెళ్ళిపోదామా?"

ఇంకా నాలుగు సీసాలు మిగిలాయి. ఈ వారం లెక్క అవి లేకపోతే కుదరదు. ఒక వారం పోతే గ్రాఫులో చిల్లు పడుతుంది, ఆ చిల్లులో వేలు పెట్టి అడిగేవాళ్ళు ఉంటారు. మీరు నింపుతారు. ఒకటి. రెండు.

మొదటి గాలి తగిలింది. చల్లటి గాలి. నీటి మీద వణుకు.

మూడు.

ఉరుము. దగ్గర్లోనే.

తెర వైపు చూశారు మీరు. పైఅంచు ఊగుతోంది. అల లేచి తెర మీద నుంచి దూకితే ఇటు నీరు అటు, అటు నీరు ఇటు. తెర చిరిగితే ఈ ఏడాది పని నీళ్ళ పాలు. తాళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలంటే సరస్సు నడుము దాకా వెళ్ళాలి. ఒడ్డు ఎడమ చేతి వైపు. తెర కుడి చేతి వైపు.

ఎటు?

"ఒడ్డుకి!" మీ తోటివాడు అరుస్తున్నాడు.

తెడ్డు వెయ్యండి. ఎడమకు. గాలి పడవ ముక్కును పక్కకు నెడుతోంది. వంగండి. ఇంకా వంగండి. నీళ్ళు లోపలికి వస్తున్నాయి. నమూనాల పెట్టె కాళ్ళ మధ్య నొక్కి పట్టండి. తెడ్డు. తెడ్డు. మెరుపు. కళ్ళు బైర్లు. తెడ్డు. రాయి తగిలింది. దిగండి. జారారు. లేవండి. పెట్టె ఏది? ఉంది. పరుగు.

చెట్ల కిందికి వద్దు!

వెనక ఫెళఫెళమని చప్పుడు. పైన్ చెట్టు వేళ్ళతో సహా లేచింది. దాని పక్కది. దాని వెనకది. బండ మీద మట్టి జానెడే. వేళ్ళకు పట్టు లేదు. వరసగా పడుతున్నాయి. మీరు బండను కరచుకుని బోర్లా పడుకున్నారు. నేల అదురుతోంది. గుండె అదురుతోంది. వాన రాళ్ళలా కొడుతోంది.

తగ్గింది.

లేచి నిలబడ్డారు. మొదట చూసుకున్నది చేతులూ కాళ్ళూ. తర్వాత పెట్టె. తర్వాత తెర. నిలిచే ఉంది.

సాయంత్రానికి శిబిరంలో సంగతులు తెలుస్తాయి. 239వ సరస్సు చుట్టూ అడవి పెద్ద మేర నేలమట్టమైంది. అది ఎవరూ ఏమీ వెయ్యకుండా ఉన్నది ఉన్నట్టు గమనిస్తున్న సరస్సు, మిగతావాటిని దేనితో పోల్చాలో చెప్పే సరస్సు. పడిన చెట్లు ఎండి మరుసటి వేసవిలో కార్చిచ్చుకు ఆహుతవుతాయి. శాస్త్రవేత్తలు దాన్నీ వదలరు. గాలివాన తర్వాత వాగుల్లోకి ఏం దిగింది, మంట తర్వాత ఏం దిగింది, అన్నీ కొలుస్తారు. అడవి తనంతట తాను చేసే ప్రయోగం అది.

మీరు బట్టలు పిండుకుంటున్నారు. పాదం మీద జలగ పట్టి ఉంది. తీసెయ్యండి. రేపు నాలుగో సీసా నింపాలి.

*

ఈశాన్యం గదిలో రంగు మారుతోంది.

మొదట మీకు నమ్మకం కుదరదు. మబ్బు నీడేమో అనుకుంటారు. అందుకే పళ్ళెం దింపుతారు. సెకీ పళ్ళెం అంటారు దాన్ని. గుండ్రటి బిళ్ళ, నలుపు తెలుపు భాగాలు, మధ్యలో తాడు. నీటిలోకి వదులుతూ ఉండాలి, కనుమరుగైన చోట తాడు మీద లోతు చూడాలి. నైరుతి గదిలో పళ్ళెం దిగుతూ, దిగుతూ, ఇంకా మసకగా కనిపిస్తూనే ఉంది. పడవను తెర దాటించి ఈశాన్యం గదిలో వదిలారు. కొంచెం దిగింది. మాయమైంది.

పైకి లాగి మళ్ళీ వదిలారు. అంతే.

శిబిరంలో నీటిని వడకడతారు. ఉంగరమంత తెల్లటి వడపోత కాగితం. నైరుతి నీరు పోస్తే కాగితం తెల్లగానే మిగిలింది, అంచున లేత పసుపు జీర. ఈశాన్యం నీరు పొయ్యండి. సగం గ్లాసుకే ధార సన్నబడింది. చుక్క. చుక్క. ఆగిపోయింది. పట్టకారుతో కాగితం ఎత్తి చూడండి. పెసరట్టు పిండి పూసినట్టుంది.

నైరుతి గదిలో వెయ్యకుండా ఆపింది భాస్వరం ఒక్కటే. మిగతాదంతా రెండు వైపులా ఒకటే. అదే వాన, అదే ఎండ, అదే పంచదార, అదే నైట్రేటు.

సెప్టెంబరు 4. మీరు గాలిలో ఉన్నారు. ఇంజను మోతలో ఎవరి మాటా వినిపించడం లేదు. కింద అడవి, అడవిలో అక్కడక్కడా నల్లటి నీళ్ళు. ఒక పక్కకు ఒరిగారు. 226 కనిపించింది.

సగం నలుపు, సగం పచ్చ. మధ్యలో గీత గీసినట్టు తెర.

కెమెరా నొక్కండి.

ఈ ఒక్క ఫోటో ఏం చేస్తుందో కింద దిగాక తెలుస్తుంది. షిండ్లర్ వ్యాసం 1974లో సైన్స్ పత్రికలో వస్తుంది. కెనడా అప్పటికే పౌడర్లలో ఫాస్ఫేటుకు పరిమితి పెట్టింది. 1972లో రెండు దేశాలూ మహా సరస్సుల నీటి నాణ్యత మీద ఒప్పందం చేసుకున్నాయి. కానీ అమెరికాలో రాష్ట్రం రాష్ట్రంగా వాదన సాగుతూనే ఉంది. ఆ విచారణల్లో మీరు కూర్చుని ఉంటే చూసేవారు. ఇటు నిపుణులు పట్టికలు చదువుతారు, అటు నిపుణులు ఇంకో పట్టికలు చదువుతారు. వినేవాళ్ళు ఆవులిస్తారు. అప్పుడు ఈ ఫోటో బల్ల మీదికి వస్తుంది. ఆవులింత ఆగుతుంది. రసాయన శాస్త్రం రాని శాసనసభ్యుడికి కూడా ఏ సగంలో ఏం వేశారో చెబితే చాలు.

ఇంకొక సంగతి ఫోటోలో కనిపించదు. భాస్వరం ఆపేశాక ఈశాన్యం గది త్వరగానే తేరుకుంది. దోషిని చూపించడంతో ఆగలేదు ఆ సరస్సు. వైద్యం కూడా చెప్పింది.

*

ఇప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. మందపాటివి. కళ్ళజోడు కూడా.

1976. 223వ సరస్సు. ఈసారి డ్రమ్ములో గంధకామ్లం. చుక్క పడితే చర్మం కాలుతుంది. పడవ ఊగకూడదు. కాలు జారకూడదు. ప్రొపెల్లరు చిమ్మే నీటిలో కలిసేలా నెమ్మదిగా వదలాలి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోండి. ముఖం పక్కకు తిప్పండి. మాట్లాడకండి.

ఈ పని ఎందుకో ఇప్పుడు మీకు చెప్పనక్కర్లేదు. బొగ్గు కాల్చే విద్యుత్ కేంద్రాల నుంచి, లోహం కరిగించే కొలుముల నుంచి గంధకం పొగ లేస్తోంది. వానలో కలిసి ఆమ్లంగా దిగుతోంది. తూర్పు కెనడాలో, అమెరికాలో, స్కాండినేవియాలో సరస్సులు చేపల్ని పోగొట్టుకుంటున్నాయి. ఎంత ఆమ్లం దాకా ఫరవాలేదు? ఆ ప్రశ్న చుట్టూ బేరం నడుస్తోంది.

ఏడాదికేడాది ఆమ్లం కొంచెం కొంచెం పెంచుతున్నారు. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్. అది 6.8 దగ్గర మొదలైంది. ప్రతి వేసవీ కాస్త కిందికి. నీరు చూడడానికి ఎప్పటిలాగే ఉంది. లేక్ ట్రౌట్ చేపలు తిరుగుతూనే ఉన్నాయి. ఒడ్డున నిలబడి చూసినవాడు ఈ సరస్సుకు ఏ లోటూ లేదంటాడు.

మీరు రాత్రిపూట వల లాగుతున్నారు. అడుగున ఉండే మైసిస్ అనే చిన్న రొయ్య కోసం. నిరుడు లక్షల్లో ఉండేవి. వల పైకొచ్చింది. లాంతరు దగ్గర పెట్టి చూశారు. లేవు. ఇంకోసారి వేశారు. లేవు.

పీహెచ్ ఇంకా 6కు అటూఇటూనే ఉంది. ఈ మాత్రానికి ఏమీ కాదని అనుకుంటున్న స్థాయి అది.

తర్వాత ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిట్టి చేపలు. పిల్లలు కనిపించడం లేదు. ఒక ఏడాది, రెండో ఏడాది. ముసలివి పోయాయి. కొత్తవి రాలేదు.

1980లు వచ్చాయి. పీహెచ్ 5 దగ్గరికి దిగింది. వలలో ట్రౌట్ పడింది. చేతిలోకి తీసుకోండి. తల పెద్దది. తల వెనక ఒళ్ళు లేదు. వెన్ను మీద వేలు పెడితే ముల్లు తగులుతోంది. పొట్ట లోపలికి అతుక్కుపోయింది. మొప్పలు ఆడుతున్నాయి. బతికే ఉంది. ఆమ్లం దాన్ని చంపలేదు. దాని తిండిని చంపింది. పెద్ద చేప ఒక్కటే ఉన్న తొట్టిలో ఆమ్లం పోసి చూసినవాళ్ళకు ఈ ఆకలి కనిపించదు. తొట్టిలో రొయ్య లేదు, చిట్టి చేప లేదు, వాటి మీద బతికే బతుకు లేదు.

ఈ బక్క ట్రౌట్ ఫోటో కూడా ఊళ్ళు తిరుగుతుంది. ప్రయోగం ఫలితాలు 1985లో సైన్స్ పత్రికలో వస్తాయి. 1990లో అమెరికా తన స్వచ్ఛమైన గాలి చట్టాన్ని సవరిస్తుంది, గంధకం పొగకు కళ్ళెం వేస్తుంది. 1991లో అమెరికా, కెనడా గాలి నాణ్యత ఒప్పందం మీద సంతకాలు చేస్తాయి. ఆ కలాల వెనక చాలామంది పని ఉంది. మీరు ఆ రాత్రి లాంతరు వెలుగులో చూసిన ఖాళీ వల కూడా ఉంది.

*

అదే 1991. స్టాక్‌హోమ్.

ఇక్కడ దోమలు లేవు. మీ బూట్లకు బురద లేదు. నీటి కోసం చేసిన కృషికి అంతర్జాతీయ బహుమతి ఒకటి ఈ ఏడే తొలిసారి ఇస్తున్నారు. స్టాక్‌హోమ్ నీటి బహుమతి. మొట్టమొదటి గ్రహీతగా డేవిడ్ షిండ్లర్ పేరు పిలిచారు. 1998లో వోల్వో పర్యావరణ బహుమతి వస్తుంది. 2006లో టైలర్ బహుమతి వస్తుంది. పర్యావరణ పరిశోధనకు లోకం ఇచ్చే పెద్ద గౌరవాల్లో మూడు ఒక్కరి ఇంటికి వచ్చాయి.

చప్పట్లు కొట్టండి. మనసారా కొట్టండి. మీ చేతులకు తెలుసు ఇది దేనికిచ్చారో. తెలివికి ఇచ్చారు, నిజమే. అంతకంటే ముందు ఓపికకు ఇచ్చారు. ఒకే సరస్సు దగ్గరికి వారం వారం వెళ్ళడానికి, ఏళ్ళ తరబడి, జవాబు ఏదైనా సరే వినడానికి సిద్ధపడి. విన్న జవాబును పెద్దవాళ్ళ ముందు గొంతు తగ్గించకుండా చెప్పడానికి కూడా. షిండ్లర్ 1989లో ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. తర్వాత అథబాస్కా నది మీద తారు ఇసుక పరిశ్రమ వదులుతున్న విషాలను కొలిచి బయటపెట్టారు. బహుమతి ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టలేదు.

అయితే బహుమతి సరస్సును కాపాడుతుందా? ఆ సంగతి ఇరవై ఏళ్ళ తర్వాత తేలుతుంది.

*

2012 మే. పొద్దున్నే పిలిచారు. అందరూ ఒక గదిలో ఉన్నారు.

విషయం రెండు నిమిషాల్లో అయిపోయింది. కేంద్ర ప్రభుత్వం ఈ ప్రయోగ సరస్సులకు డబ్బు ఇవ్వదు. వచ్చే మార్చికల్లా మూసేస్తారు.

మీ తల తిరుగుతోంది. మీ ముందు 40 ఏళ్ళకు పైబడిన రికార్డులున్నాయి. మంచు ఏ రోజు పట్టింది, ఏ రోజు కరిగింది, నీరు ఎంత వెచ్చబడింది. 260వ సరస్సు సంగతి నిన్న మొన్నటిది. 2001 నుంచి మూడు వేసవులు దానిలో గర్భనిరోధక మాత్రల్లో వాడే హార్మోను వేశారు, కారెన్ కిడ్ నాయకత్వంలో. ఊళ్ళ మురుగులో కనిపించేలాంటి మోతాదే. లీటరుకు గ్రాములో వందకోట్లో వంతులు, అవీ ఐదారే. మగ చేపల్లో ఆడ లక్షణాలు వచ్చాయి. ఫ్యాట్‌హెడ్ మిన్నోలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. హార్మోను ఆపాక కొన్నేళ్ళకు తిరిగొచ్చాయి. ఆ తిరిగి రావడాన్ని చూడడానికి ఎవరో ఒకరు అక్కడ ఉండబట్టి తెలిసింది.

ఇప్పుడు ఎవరూ ఉండరు.

మాట్లాడాలి. కానీ మీరు ప్రభుత్వ ఉద్యోగి. అనుమతి లేకుండా విలేకరితో మాట్లాడకూడదు. నోరు తెరిస్తే ఉద్యోగం. మూసుకుంటే సరస్సు.

ఏం చేస్తారు?

ఒక విద్యార్థిని ముందుకొచ్చింది. డయాన్ ఒరిహెల్. ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. చదువు పక్కన పెట్టి, ఈ సరస్సుల్ని కాపాడే ఉద్యమాన్ని భుజానికెత్తుకుంది. ఆమెకు ప్రభుత్వ ఉద్యోగం లేదు. పోయేదీ లేదనుకోకండి, ముందున్న జీవితమంతా ఉంది. ఉత్తరాలు రాసింది, సంతకాలు సేకరించింది, పార్లమెంటు సభ్యుల తలుపులు తట్టింది.

జూలై 10. ఒటావా. మీరు రోడ్డు మీద ఉన్నారు. చుట్టూ తెల్లకోట్లు. వందల మంది శాస్త్రవేత్తలు, జీవితంలో ఎన్నడూ నినాదం ఇవ్వనివాళ్ళు. ముందు ఒక శవపేటిక నడుస్తోంది. చనిపోయింది సాక్ష్యం అంటున్నారు. పార్లమెంటు మెట్లు దగ్గర పడుతున్నాయి. ఎండ. మీ పక్కనున్న పెద్దాయన గొంతు విప్పాడు. మీరూ విప్పండి.

రెండేళ్ళు పట్టింది. 2014 ఏప్రిల్‌లో ఆ సరస్సుల బాధ్యతను విన్నిపెగ్‌లో ఉన్న అంతర్జాతీయ సుస్థిరాభివృద్ధి సంస్థ తీసుకుంది. ఒంటారియో, మనిటోబా రాష్ట్రాలు తోడు నిలిచాయి. 58 సరస్సులూ పనిలోనే ఉన్నాయి. షిండ్లర్ 2021 మార్చి 4న కన్నుమూశారు. తను మొదలుపెట్టిన చోటు బతికి ఉండగా చూసి వెళ్ళారు.

బహుమతులు ఆ చోటును కాపాడలేదు. కాపాడింది మెట్ల దాకా నడిచినవాళ్ళు. బహుమతి చేసిన మేలు ఒకటి ఉంది. ఎక్కడో అడవిలో నంబరు తప్ప పేరు లేని నీళ్ళకు లోకంలో ఒక పరువు తెచ్చింది. మూసేస్తామన్నప్పుడు ఏం పోతుందో చెప్పడానికి జనానికి మాట దొరికింది.

*

ఇంకొక్కసారి పడవెక్కండి. 227 దగ్గరికి.

ఇది దశాబ్దాల పాటు పచ్చగానే ఉండిపోయింది. 1969లో మొదలైన ప్రయోగం 50 ఏళ్ళు దాటినా సాగింది. మధ్యలో ఒక మార్పు చేశారు. నత్రజని వెయ్యడం క్రమంగా తగ్గించి, 1990 నుంచి పూర్తిగా మానేశారు. ఆ తర్వాత భాస్వరం ఒక్కటే వేశారు. నత్రజని లేకపోతే నాచు తగ్గాలి కదా? తగ్గలేదు. గాలిలోని నత్రజనిని పట్టుకోగల నీలి ఆకుపచ్చ నాచు పెరిగి ఆ లోటు పూడ్చింది. కర్బనం గాలి నుంచి వస్తుంది. నత్రజని గాలి నుంచి వస్తుంది. భాస్వరానికి గాలిలో దారి లేదు. అది మన కాలవల్లోంచే రావాలి. అందుకే ఆపగలిగే తాళం కూడా అదే.

ఈ మాట పట్టుకుని ఇంటికి రండి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్ట మీద నిలబడండి. పచ్చటి నీళ్ళు, ముక్కుపుటాలకు తగిలే వాసన, కూకట్‌పల్లి నాలా కలిసే చోట నురగ. లేదా మీ ఊరి చెరువు గట్టు ఎక్కండి, గుర్రపుడెక్క కప్పేసిన నీటిని చూడండి. ఎవరో యంత్రంతో డెక్క తీయిస్తున్నారు. ఎవరో ఫౌంటెన్లు పెడదామంటున్నారు. ఎవరో మందు చల్లుదామంటున్నారు. పైపైన కనిపించేది తీసేస్తే పని అయిపోయిందనుకుంటున్నారు. మేత అందుతున్నంత కాలం డెక్క మళ్ళీ వస్తుంది, నాచు మళ్ళీ వస్తుంది.

మన దగ్గర లెక్క ఒంటారియోలో ఉన్నంత తేలిక కాదు. మురుగుంది, ఎరువుంది, ఫ్యాక్టరీ నీళ్ళున్నాయి, అడుగున ఏళ్ళుగా పేరుకున్న బురదుంది. ఆ బురదలోంచి పాత భాస్వరం మళ్ళీ పైకి రాగలదు. చెరువు కోలుకోవడానికి కాలం పట్టొచ్చు. అయినా మొదటి ప్రశ్న అదే. ఈ నీటిలోకి భాస్వరం ఎంత వస్తోంది? ఏ నాలాలోంచి, ఏ తూములోంచి, ఏ నెలలో ఎక్కువ? కొలిచారా? కొలిచినవి జనం ముందు పెట్టారా?

వార్డు సభ జరిగినప్పుడు మీరు లేచి నిలబడి ఈ ప్రశ్న అడగాలి. మీ ఊరి కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు ఉంటే పిల్లలతో నీళ్ళు పట్టించండి, నెలనెలా, అదే చోట. తాడుకు ఒక పళ్ళెం కట్టి ఎంత లోతు దాకా కనిపిస్తోందో పుస్తకంలో రాయించండి. మొదటి ఏడాది ఎవరూ పట్టించుకోరు. రెండో ఏడాది ఒక ఇంజనీరు వచ్చి పుస్తకం చూపించమంటాడు. అప్పుడు మీ చేతిలో తారీఖులుంటాయి, లోతులుంటాయి, గండి ఎక్కడుందో ఉంటుంది. అక్కడి నుంచి వాదన మీది.